దిగి రాలేని పొగ

లేతగడ్డి మొలుస్తుందని గేదెలమంద ఏటా వేసవిలో కొండకు నిప్పు పెట్టేది. అలా కాలీ కాలీ మద్దిచెట్లన్నీ పొగై ఆకాశానికి ఎక్కాయి.

పైన పొగకు ఏమీ తోచేది కాదు. ఒకప్పుడు తను మాను, కొమ్మ, ఆకు. ఇప్పుడు వాలడానికి చోటు లేదు.

"పిట్టమ్మా, కొండ మీద ఒక్క చెట్టయినా ఉందా? ఆకుల్లోంచి దూరి మళ్ళీ మానునవుతాను" అని పిగిలిపిట్టను రోజూ అడిగేది.

"లేదు తాతా. నిరుటి పొగా ఇదే అడుగుతోంది. ఏటేటా మీరు పెరుగుతుంటే నేనెక్కణ్ణుంచి తేను?" అని పిట్ట విసుక్కునేది.

విసుక్కుందే గానీ మనసాగలేదు. అవతలి కొండకు పోయి మేడిపళ్ళు తిని, ఇక్కడి బండ పక్కన రెట్ట వేసింది. వానలకు మేడిమొక్క మొలిచింది. ఎండలు ముదిరేసరికి మోకాలెత్తయింది.

ఓ మధ్యాహ్నం ముసలిగేదె దాని మీదికి మూతి చాచింది.

"అక్కా, తినకే!" అని పిట్ట అరిచింది.

"నాలుగాకులకు ఇంత గోలా? అసలే ఎండకు బుర్ర మాడిపోతోంది" అంటూ గేదె వంగింది. మూతికి చల్లగా తగిలింది. కొండంతటికీ నీడ అదొక్కటే. అదీ దాని మూతికే సరిపోయింది. గేదె తినడం మానేసి, మూతి ఆ నీడలో పెట్టి పడుకుంది.

"పిట్టమ్మా, వచ్చేయనా?" అని పైనుంచి పొగ ఆత్రంగా అడిగింది.

పిట్ట మొక్కను చూసింది. ఆకాశం నిండా ఉన్న పొగను చూసింది.

"నువ్వు కాస్తంత రా తాతా. మిగతావాళ్ళను ఉండమను."

"ఎన్నాళ్ళు?"

"అక్కా, ఈ ఏడు కూడా కొండకు నిప్పు పెడతారా?" అని పిట్ట గేదె వైపు తిరిగింది. గేదె తలెత్తలేదు. ఎత్తితే నీడ పోతుంది.