గంధకం పుల్ల

“నాకు జలుబు చేసింది బాబూ. ఈ పప్పు పాసిపోయిందేమో కాస్త చూసి చెబుతారా?”

వరప్రసాదం టిఫిన్ బాక్సు ముందుకు జరిపాడు. అరవై దాటిన మనిషి. బాపట్ల నుంచి మొదటి బస్సుకి దిగాడు. రేపల్లె ఐసు ఫ్యాక్టరీలో ఆయనకి అది మొదటిరోజు. మెషీను గదికి కొత్త హెల్పరన్నారు.

ఇన్‌చార్జి కరుణాకర్ బాక్సు ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చాడు.

“బానే ఉంది. తినెయ్.”

వరప్రసాదం తినలేదు. బయటికి తీసుకెళ్లి కుక్క ముందు పోశాడు. కుక్క మూతి పెట్టి పక్కకి తిరిగింది.

కరుణాకర్ అది చూడలేదు.

కరోనా తగ్గాక అతనికి వాసన తెలియకుండా పోయింది. అమ్మోనియా గ్యాసుతో నడిచే ఫ్యాక్టరీలో, లీకు ముందుగా పసిగట్టాల్సిన ఇన్‌చార్జికి ముక్కే పనిముట్టు. అది పోయిందని తెలిస్తే ఉద్యోగమూ పోతుంది. ఏడో తరగతి చదివినవాడికి ఇంకో ఉద్యోగం ఎవరిస్తారు? కూతురు లిఖిత ఇంజనీరింగు మూడో ఏడు.

అందుకే ఎవరికీ చెప్పలేదు. ఐసు దిమ్మలు లాగే సాయి కిరణ్ మొహం చూస్తూ ఉండేవాడు. వాడు ముక్కు చిట్లిస్తే వెళ్లి వాల్వులు బిగించేవాడు.

మర్నాటి నుంచి వరప్రసాదం కొత్త పని పెట్టుకున్నాడు. పొద్దున రాగానే గంధకం పూసిన పుల్ల వెలిగించి, పైపుల జాయింట్ల దగ్గర తిప్పేవాడు. గ్యాసు కారే చోట తెల్లపొగ లేస్తుంది.

“తాతా, హారతి మాకూ ఇవ్వు!” అన్నాడు సాయి కిరణ్.

“కళ్లకద్దుకుంటే మండుద్దిరా మనవడా.”

కరుణాకర్ నవ్వలేదు.

“నా ముక్కుండగా నీ పుల్లలేంటయ్యా?”

“ముసలాడి చాదస్తం. పోనివ్వండి.”

ఆ ఓపిక చూస్తే కరుణాకర్‌కి భయం. భయం పెరిగినకొద్దీ గొంతు పెరిగింది. టీ తెమ్మన్నాడు. డ్రమ్ములు కడగమన్నాడు. పేరు మానేసి ‘పుల్లలాయన’ అని పిలిచాడు.

ముసలాయన అన్నిటికీ “అలాగేనండి” అన్నాడు.

మూడో వారంలో ఒక ఉదయం. నిజాంపట్నం బోట్లకి ఐసు తీసుకెళ్లే లారీలు గేటు దగ్గర నిలబడి ఉన్నాయి. సాయి కిరణ్ వాటి దగ్గరే ఉన్నాడు. కంప్రెసరు పక్క వాల్వు దగ్గర పుల్ల పెట్టగానే పొగ చిక్కగా లేచింది.

“మెషీను ఆపుదామండి.”

“ఇప్పుడా? దిమ్మలు గట్టిపడొద్దా? నాకేం వాసన రావట్లేదే!”

వరప్రసాదం అతన్ని ఒక్క క్షణం చూశాడు. చెయ్యి చాచి మెషీను ఆపేశాడు.

దిమ్మలు మధ్యలో గుల్లగా మిగిలాయి. లారీలు వేరే ఫ్యాక్టరీకి వెళ్లిపోయాయి. యజమాని భాస్కరరావు మండిపడుతూ వచ్చాడు.

“ఎవరు ఆపింది?”

“ఈయనేనండి. నేను వద్దంటున్నా వినలేదు,” అన్నాడు కరుణాకర్.

“ఎందుకు ఆపావయ్యా?”

వరప్రసాదం నోరు తెరిచాడు. కరుణాకర్ వైపు చూసి మూశాడు.

“కంగారు పడ్డానండి.”

“ఇంత వయసొచ్చి కంగారేంటి? ఇక రేపట్నుంచి రావద్దు.”

ముసలాయన సంచీ సర్దుకున్నాడు. వెళ్తూ వెళ్తూ పుల్లల డబ్బా కరుణాకర్ చేతిలో పెట్టాడు.

“తెనాలి మెకానిక్ వచ్చి చూశాకే మెషీను వెయ్యండి బాబూ. ఈ పుల్లలు ఉంచుకోండి. మీకు అవసరం.”

‘మీకు’ అన్న మాట వినగానే కరుణాకర్ డబ్బాని జేబులోకి తోసేశాడు.

సాయంత్రం మెకానిక్ వాల్వు విప్పాడు. లోపలి ప్యాకింగు వేళ్లతో నలిపితే పొడి రాలింది.

“ఆపినాయనెవరో గానీ దండం పెట్టుకోండి. ఇంకో గంట నడిస్తే ఇది ఊడొచ్చేది. లోపల ఒక్కడూ మిగిలేవాడు కాదు.”

భాస్కరరావు కరుణాకర్ వైపు తిరిగాడు.

“నీకు వాసన రాలేదా?”

వచ్చిందంటే ఎందుకు ఆపలేదంటారు. ఇంకొకరి మీదికి తోసేద్దామంటే, ఆ ఒక్క మనిషినీ పొద్దునే పంపేశారు.

“నాకు వాసన తెలీదండి. ఐదేళ్లయింది.” తల ఎత్తలేకపోయాడు. “ఆయన కనిపెట్టాడు. నా ఉద్యోగం పోద్దనే నోరు మూసుకున్నాడు.”

భాస్కరరావు ఫోను తీసి వరప్రసాదం నంబరు కలిపాడు. రెండుసార్లు మోగి ఆగిపోయింది. ఫోను బల్ల మీద పెట్టాడు.

“నీ ముక్కు మీద అనుమానమొచ్చే ఆయన్ని పిలిపించానయ్యా. ముప్పై ఏళ్లు ఇన్‌చార్జిగా చేసిన మనిషి. హెల్పరునని చెప్పి ఒకరోజు పక్కనుండి చూడండి, నిజమైతే అతని ఉద్యోగం మీదే అన్నాను. ఆ సాయంత్రమే వచ్చి, ‘కరుణాకర్ గారి ముక్కుకి తిరుగులేదండి, నన్ను ఆయన కింద హెల్పరుగా వేసుకోండి చాలు’ అన్నాడు.”