గుమ్మంలో చెయ్యి

చూసింది ఎవరికీ చెప్పనని పసితనంలో ఇచ్చిన మాట మా అక్క ఆలాసువా పెద్దయ్యాక పెన్సిలుతో తప్పింది.

కాగితాల మీద అద్దే బొమ్మల అచ్చుల కోసం అక్క బొమ్మ గీస్తే, దాన్ని రాతి మీద చెక్కేది నేను. ఆ రోజు తెచ్చిన కాగితంలో కుక్కల బండి వెళ్లిపోతోంది. వెనక మంచు ఇల్లు. గుమ్మంలోంచి ఒక చెయ్యి బయటికి చాచి ఉంది.

“ఎవరిదక్కా ఈ చెయ్యి?”

“అమ్మది.”

“ఆ కరువులో మనం బయల్దేరేసరికే అమ్మ చనిపోయిందిగా.”

“నువ్వు ముందుకు తిరిగి కూర్చున్నావురా. ఈసారి తిండికి ఏ కుక్కను కోస్తారా అని నీ ఆశ. నేను వెనక్కి తిరిగి కూర్చున్నా.”

నాకేమీ అనిపించలేదు. ఉలి తీసి చెయ్యి మీద ఆనించాను. ఒక్క దెబ్బ వేస్తే అది ఖాళీ ఇల్లు.

“కొట్టెయ్, నీ ఇష్టం” అంది అక్క, టీ ఊదుకుంటూ.

చెయ్యిని వదిలి చుట్టూ రాయి తొలిచాను. అచ్చులు తీస్తే తెల్లవాళ్లు ఎగబడి కొన్నారు. అది అతిథులను పిలిచే చెయ్యి అని ఒక పండితుడు పుస్తకమే రాశాడు. చదివాను.

అక్క మీద నాకు కోపం లేదు. ఆకలి మీదా లేదు. ఆ చెయ్యిని తనూ చూసి, పిల్ల చేత ఒట్టు వేయించుకుని, కుక్కల్ని అదిలించినవాడు నువాలింగా. మా నాన్న.