మీ బదులు మేము

లిఫ్టు ఎక్కిన దగ్గర్నుంచీ, అందరూ హడావుడి అని పిలిచే ఆ కుర్రాడు చెప్పాల్సిన మాటలు తనలో తనే గొణుక్కుంటున్నాడు. పక్కనున్న ఆవిడ మెల్లగా మూలకి జరిగింది. అతనదేమీ గమనించే స్థితిలో లేడు.

పై అంతస్తులో ఒక పెద్దాయన అతనికి గంటసేపు టైమిచ్చాడు. కొత్త కంపెనీల్లో డబ్బు పెట్టడమే ఆయన పని. అయితే తాను స్వయంగా వాడని దాంట్లో చిల్లిగవ్వ కూడా పెట్టడని పేరు. ఆయన ఊఁ అంటే హడావుడి కంపెనీ బతుకుతుంది. ఊహూఁ అంటే రేపు పొద్దున్నే నాన్న కళ్ళజోళ్ళ దుకాణంలో కూర్చుని వచ్చేపోయేవాళ్ళ ముక్కులు కొలవాలి. నాన్నతో ఒప్పందం అదే. ముందే తెలిస్తే ఊరంతా టాంటాం వేస్తుందని ఈ మీటింగు సంగతి అక్కకు కూడా చెప్పలేదు.

క్యూలో నిలబడమంటే అతనికి ప్రాణసంకటం. హడావుడి అన్న పేరు అలాగే వచ్చింది, ఐడియా కూడా అలాగే వచ్చింది. తన బదులు ఇంకొకరు నిలబడితే?

ఆ మాట వినగానే అక్క కళ్ళు పెద్దవి చేసింది.

"యాప్ ఏదిరా మరి?"

"యాప్ తర్వాతక్కా. ముందు మినిమమ్ వయబుల్ ప్రొడక్ట్ అని ఒకటి వదులుతాం. పని జరిగేంత మటుకే ఉంటుంది. జనానికి నచ్చిందో లేదో తేలాక మిగతాది."

"అంటే వంట దించకముందే కాస్త అరచేతిలో పోసి ఉప్పు చూడమనడం. అంతేగా? దానికంత పొడుగు పేరెందుకురా?"

అలా 'మీ బదులు మేము' పుట్టింది. యాప్ అంటే అక్క ఫోను. సర్వర్ అంటే అక్క. ఎవరో మెసేజ్ పెడతారు, ఫలానా చోటికి ఫలానా టైముకి మనిషి కావాలని. అక్క మనిషిని పంపుతుంది. ఎందుకని అడగకూడదు, ఎవరి బదులు వచ్చామో పని ముగిసేదాకా బయటపెట్టకూడదు. ఇంతే రూలు.

మొదట్లో ఉద్యోగులు ఇద్దరే, హడావుడి, బావ. తన కరెంటు బిల్లుకి నిలబడలేనివాడు పరాయివాళ్ళ బిల్లుకి నిలబడి కూనిరాగాలు తీశాడు. నెల తిరక్కుండానే అక్క ఫోను మోగని క్షణం లేదు. కోరికలు కూడా ముదిరాయి. ఒకాయన బదులు డాన్సు ప్రోగ్రాంలో కూర్చుని చప్పట్లు కొట్టాలి. ఇంకొకాయన బదులు అపార్ట్‌మెంటు మీటింగుకి వెళ్ళాలి. దానికి బావ వెళ్ళాడు. ఒక మూల కూర్చుని, అందరూ చెయ్యెత్తినప్పుడల్లా తనూ ఎత్తి, సెక్రటరీగా ఎన్నికై ఇంటికొచ్చాడు!

మనుషులు చాలక అక్క తన వాకింగ్ స్నేహితుల్నీ, వాళ్ళ వియ్యంకుల్నీ, ఆ వియ్యంకుల చుట్టాల్నీ దింపింది. ఇప్పుడెవరు ఎక్కడున్నారో అక్కకి తప్ప ఎవరికీ తెలియదు.

పై అంతస్తులో అద్దాల గది తలుపు తెరుచుకుంది. పొడవాటి బల్ల చివర పెద్దాయన కూర్చుని ఉన్నాడు. నెరిసిన మీసం, నల్లకోటు. కోటు భుజాల దగ్గర వదులుగా వేలాడుతోంది. డబ్బున్నవాళ్ళకి కొలతల పట్టింపు ఉండదు కాబోలు అనుకున్నాడు హడావుడి.

ఇక మొదలుపెట్టాడు. ఇంతకుముందు ఇదంతా చెబితే బ్యాంకు మేనేజరు ఆవలించాడు. బాబాయి ఫోను చూసుకున్నాడు. ఈయన మాత్రం కన్నార్పకుండా వింటున్నాడు. మాటమాటకీ తల ఊపుతున్నాడు. బావ సెక్రటరీ అయిన వైనానికి పొట్ట పట్టుకుని నవ్వి, కోటు చేతికే కళ్ళు తుడుచుకున్నాడు. హడావుడికి ఆయన్ని ఎత్తుకుని గిరగిరా తిప్పాలనిపించింది.

"ఒక్క సందేహం బాబూ," అన్నాడు ఆయన. "మీరు పంపిన మనిషి పని సరిగ్గా చేశాడని ఎలా తెలుస్తుంది?"

"అసలు మనిషికీ మా మనిషికీ తేడా ఎవరూ కనిపెట్టలేరు సార్! మా క్వాలిటీయే అది!"

"అంత బాగా చేస్తారంటారా?" ఆయన ముఖం చేటంత అయింది.

"బంగారం సార్ మావాళ్ళు! మా అక్క ఏరికోరి తెచ్చుకున్న మనుషులు. నాకైతే కొందరి ముఖాలు కూడా తెలీవు. కానీ ఎక్కడికి పంపినా మాట రానివ్వరు."

ఆయన గొంతు సవరించుకున్నాడు. ఏదో చెప్పబోయి, గోడ గడియారం వంక చూసి, మళ్ళీ బుద్ధిగా తల ఊపాడు.

గంట కావస్తోంది. చెప్పాల్సిందంతా అయిపోయింది. ఇక ఒక్క ప్రశ్నే మిగిలింది. హడావుడికి నాన్న దుకాణంలోని కళ్ళజోళ్ళన్నీ ఒక్కసారిగా తనవైపే చూస్తున్నట్టనిపించింది.

"సార్, దాపరికం లేకుండా అడిగేస్తాను. మీరు వాడనిదాంట్లో డబ్బు పెట్టరని అందరూ అంటారు. మరి మా సర్వీసు మీరు వాడతారా?"

గడియారం ముల్లు గంట మీదికి వచ్చింది. ఆయన ఒళ్ళు విరుచుకుని లేచాడు, కోటు విప్పి కుర్చీకి తగిలించాడు, హడావుడి భుజం మీద ఆప్యాయంగా చెయ్యి వేశాడు.

"పెద్దాయన వాడుతూనే ఉన్నారు బాబూ, ఈ గంటా ఆయన బదులు ఇక్కడ కూర్చోమని నన్ను పంపింది మీ అక్కయ్యే!"