పదకొండో పేరు

దేవకుమార్ విసిరిన పేపరు వెళ్లి టీ కప్పుకి తగిలింది. టీ బల్లంతా పారింది.

"మళ్లీ ఓడారు! దేశం పేరు పెట్టుకుని లీగ్‌లో అట్టడుగున పడి ఉన్నారు!"

1983 వేసవి. జెర్సీ సిటీలో తెలుగు ఆరాధన ముగిశాక, చర్చి కింద హాల్లో ఫుట్‌బాల్ గురించి పోట్లాడుకోవడం అక్కడి మగవాళ్లకి అలవాటు. ఆ ఏడు అమెరికా జాతీయ జట్టునే ఒక టీముగా లీగ్‌లోకి దింపారు. అది ఓడినప్పుడల్లా తన ఇల్లు కాలినట్టు బాధపడేవాడు దేవకుమార్.

"పెద్ద ప్లేయర్లు క్లబ్బులు వదిలి రామంటే సెలెక్టర్లు మాత్రం ఏం చేస్తారు?" అన్నాడు స్నేహితుడు కృపావరం.

"సెలెక్టర్లకేం! ఏసీ రూములో కూర్చుని పేర్లు రాస్తారు. ఎండలో తిట్లు తినేది ఆడేవాళ్లు."

ఒక పెద్దాయన గుడ్డ తెచ్చి బల్ల తుడిచాడు. పేరు దైవాశీర్వాదం. నర్సు లూసీ వాళ్ల నాన్న. సికింద్రాబాద్ నుంచి కూతురి దగ్గరికి వచ్చి ఆరు వారాలైంది. ఆయన గురించి అక్కడెవరికీ అంతకు మించి తెలియదు. తెలుసుకోవాలని ఎవరూ అడగనూ లేదు.

దేవకుమార్ చిరాకుకి అసలు కారణం వేరే ఉంది.

కౌంటీ లీగ్‌లో తెలుగువాళ్ల టీముకి అతనే కెప్టెన్. శనివారం ఆఖరి మ్యాచ్. ఓడితే రెండో డివిజన్‌కి దిగిపోతారు. మూడేళ్లు కష్టపడి ఎక్కిన మెట్టు అది.

పది పేర్లు రాశాడు. పదకొండోదే తెగడం లేదు. ఎడమవైపు కాచుకునే బ్యాక్‌గా ఎవరిని ఆడించాలి?

టాక్సీ నడిపే గోపాల్ ఒక్క ప్రాక్టీస్ కూడా మానలేదు. కానీ శ్యామ్‌సుందర్ స్వయానా బావమరిది. పొద్దున కార్‌లో భార్య వసంతకుమారి తేల్చి చెప్పింది.

"మా తమ్ముడు వచ్చి నెలైంది. మీ టీములో వాడికి చోటు లేదంటే మా నాన్నకి నేనేం చెప్పుకోను?"

బల్ల తుడిచిన దైవాశీర్వాదం దేవకుమార్ చేతిలోని కాగితం వంక చూశాడు.

"బాబూ, ఎడమ పక్కకి ఆ టాక్సీ అబ్బాయిని పెట్టు. పార్కులో మీ ప్రాక్టీస్ చూస్తున్నాను. మీ బావమరిది బంతి వెంట పరిగెడతాడు. గోపాల్ అవతలి మనిషిని కనిపెట్టుకుని ఉంటాడు."

దేవకుమార్‌కి ఒళ్లు మండింది.

"అంకుల్, మీరెప్పుడైనా బంతి తన్నారా?"

"కొంచెం."

హాల్లో నవ్వులు.

"కొంచెం తన్నినవాళ్ల సలహాలు మాకొద్దు. ఇది మా ఇంటి విషయం."

పెద్దాయన నొచ్చుకోలేదు.

"కష్టమే బాబూ. నాకు తెలుసు," అని గుడ్డ పిండి సింక్ మీద ఆరేసి వెళ్లిపోయాడు.

దేవకుమార్ పదకొండో పేరు రాసేశాడు. శ్యామ్‌సుందర్.

శనివారం నెవార్క్ పోర్చుగీసు వాళ్లతో ఆట. సగం ఆట దాకా వీళ్లదే ఒక గోల్ ఆధిక్యం. తర్వాత అవతలి కోచ్ ఏం కనిపెట్టాడో, ప్రతి బంతీ ఎడమవైపుకే రావడం మొదలైంది. శ్యామ్‌సుందర్ బంతి వెంట పరిగెత్తాడు. అతని వెనక మైదానం వాకిలి తీసినట్టు ఖాళీ. అందులోంచి ఒక గోల్. పది నిమిషాలకి ఇంకోటి.

గీత బయట గోపాల్ బూట్లు కట్టుకుని నిలబడి ఉన్నాడు. అతన్ని ఆటలోకి దించాలంటే బావమరిదిని అందరి ముందూ బయటికి పిలవాలి. దేవకుమార్ పిలవలేదు.

ఆఖరి విజిల్ మోగింది.

"పోతున్న అన్నా, బండి తియ్యాలె," అన్నాడు గోపాల్. ఇంకొక్క మాట అనలేదు. అంటే బాగుండుననిపించింది దేవకుమార్‌కి.

శ్యామ్‌సుందర్ గడ్డిలో కూలబడి ఏడుస్తున్నాడు.

"నన్నెందుకు ఆడించావు బావా? నాకు రాదని నీకు తెలుసుగా!"

ఆదివారం ప్రసంగంలో ఒక్క ముక్క కూడా దేవకుమార్ చెవికెక్కలేదు. ఆరాధన అవగానే కిందికి దిగి హాలంతా వెతికాడు. పెద్దాయన కనిపించలేదు. లూసీ ఒక్కతే టీ పోస్తోంది.

"నాన్నగారేరి సిస్టర్? ఆయనకి సారీ చెప్పాలి."

"మంగళవారమే ఇండియా వెళ్లిపోయారు బ్రదర్. మా బాబాయి పోయారని టెలిగ్రాం వచ్చింది."

"అయ్యో! ఆఖరి చూపైనా దక్కిందా?"

"లేదు. నాన్న చేరేసరికే సమాధి చేసేశారట." లూసీ కళ్లు తుడుచుకుంది. "ఇద్దరికీ ఇరవై ఏళ్లుగా మాటల్లేవు. ప్రతి క్రిస్మస్‌కీ నాన్న ఉత్తరం రాసేవారు. బాబాయి విప్పకుండానే తిప్పి పంపేవారు."

"ఆస్తి గొడవలా?"

"కాదు, ఫుట్‌బాల్. అప్పట్లో నాన్న ఇండియా టీముకి సెలెక్టర్."

దేవకుమార్ చేతిలోని టీ కప్పు బల్ల మీద పెట్టాడు.

"ఆ ఏడు లిస్టులో ఆఖరి చోటు దగ్గర ఇద్దరు మిగిలారట. ఒకడు కలకత్తా కుర్రాడు, రెండోవాడు మా బాబాయి. బాబాయికి అదే చివరి ఛాన్సు. మా నానమ్మ నాన్న చేతులు పట్టుకుని ఏడ్చిందట."

"మరి?" అన్నాడు దేవకుమార్.

"నాన్న ఆ కలకత్తా కుర్రాడి పేరు రాశారు."