గల్లా తాళాలు

"గల్లా తాళాలు ఇలా ఇచ్చెయ్యండి నాన్నా. ఇక మీవల్ల కాదు," అన్నాడు కొడుకు.

బట్టల కొట్టు పెద్దాయన బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. దర్జీ ఆరు మీటర్లు అడిగితే, ఆయన నాలుగు దగ్గరే కత్తెర వేసేశాడు. కోసిన గుడ్డకు మారుబేరం ఉండదు.

"లేచేసరికి కళ్లు తిరిగాయిరా, అంతే."

"నిన్న మన పాత ఖాతాదారుణ్ణి పట్టుకుని 'తమరెవరు?' అన్నారు. అదీ కళ్లు తిరగడమేనా?"

పెద్దాయన తాళాల గుత్తిని గుప్పిట్లో బిగించాడు. తాళాలు పోతే, గుమ్మం ముందు చొక్కా తొడిగిన బొమ్మకూ తనకూ తేడా ఉండదని ఆయనకు తెలుసు.

"పద, డాక్టర్ని అడుగుదాం. నా బుర్ర పోయిందంటే తాళాలు నీవి. పోలేదంటే మళ్లీ ఆ మాటెత్తకు."

ఇద్దరికీ లాభమే కనిపించిన బేరం కాబట్టి వెంటనే కుదిరింది. పెద్దాయన భార్య కూడా బయలుదేరింది.

డాక్టర్ ఆయన్ని పడుకోబెట్టి బీపీ చూశాడు. నిలబెట్టి మళ్లీ చూశాడు. భృకుటి ముడిపడింది.

"లేచి నిలబడితే బీపీ దబ్బున పడిపోతోంది. ఈ వయసులో బీపీ మందు ఎక్కువైతే మెదడుకు రక్తం చాలినంత అందదు. తల తూలుతుంది, మతి తప్పుతుంది. రోజుకు ఒక్కటేగా రాశాను? ఎన్ని వేసుకుంటున్నారు?"

"అసలు ముట్టుకుంటేగా!" అన్నాడు కొడుకు. "'నా ఒంటికి మందులేంట్రా' అని మాత్రల అట్ట తీసి వీధిలోకి విసిరికొట్టారు."

పెద్దాయన తల దించుకున్నాడు. "విసిరిన మాట నిజమే. తర్వాత నేనే కొనుక్కున్నా. రోజూ కొట్టు తెరవగానే చాటుగా ఒకటి వేసుకుంటున్నా. అంతలా అరిచాక మీ ముందెలా మింగను?"

"అయ్యో నా రాత!" భార్య బుగ్గలు నొక్కుకుంది. "మీరు మింగరు కదా అని పొద్దున్నే పాలలో నూరి కలిపేస్తున్నానండీ!"

డాక్టర్ నవ్వాపుకున్నాడు. "ఆయన బుర్ర భేషుగ్గా ఉందమ్మా, మోతాదే రెట్టింపయింది. మీ పాల మాత్ర ఆపెయ్యండి, సర్దుకుంటుంది."

పెద్దాయన తాళాల గుత్తి జేబులో పడేసుకున్నాడు. "విన్నావురా? బేరం తెగిపోయింది. పద కొట్టుకి."

కొడుకు లేవలేదు. మొహం తుడుచుకుని, డాక్టర్ వైపు వంగి నెమ్మదిగా అడిగాడు.

"మరి... సాయంత్రం టీలో నేను కలిపేదో?"