సరిపోలని సంతకం

తలుపు కొట్టినావిడకు డెబ్బై ఏళ్లుంటాయి. చేతిలో ఒక కాగితం, కాళ్లకు పరుగుపందెం బూట్లు.

“టాడ్‌లాక్ గారేనా?”

“ఏమీ కొనను,” అన్నాడు ఆర్విల్ టాడ్‌లాక్.

“నేనేమీ అమ్మను. పోస్టులో మీరు పంపిన ఓటు పక్కన పెట్టేశారు. కవరు మీది సంతకం మీ పాత సంతకంతో కలవలేదట.”

ఆర్విల్ తన కుడిచేతిని చూసుకున్నాడు. చలికాలంలో వచ్చిన పక్షవాతం పోయింది కానీ, పోతూ పోతూ చేతిలో వణుకు వదిలేసి పోయింది.

పద్దెనిమిదో ఏట నుంచి ఒక్క ఎన్నికనీ వదిలినవాడు కాదు. భార్య పోయిన వారంలో కూడా నల్లకోటుతోనే వెళ్లి ఓటేసి వచ్చాడు.

“ఇప్పుడేం చెయ్యాలి?”

“దీని మీద మళ్లీ సంతకం పెడితే చాలు. ఇవాళ ఐదింటికి గడువు. ఇటివ్వండి, ఎన్నికల ఆఫీసులో నేనే ఇచ్చేస్తాను.”

“ముక్కూ మొహం తెలియనివాళ్ల చేతిలో నా ఓటు పెట్టను. ఇంకో మాట. నేను ఆ ఆవిలాకి వ్యతిరేకంగా వేశాను. మీరు ఆవిడ మనిషైతే దయచెయ్యండి.”

ఇనెస్ ఆవిలా ఆ ఊరి తరఫున కోర్టులో కేసులు నడిపే సిటీ ప్రాసిక్యూటర్. అక్కడ ఆ పదవికీ ఎన్నికే. రెండుసార్లు గెలిచి మూడోసారి నిలబడింది. లెక్కింపు ఇంకా తెమలలేదు. తేడా ఒక బస్సులో పట్టేంత మంది.

వచ్చినావిడ కాసేపు వీధి వైపు చూసింది. తర్వాత వాచీ చూసుకుంది.

“బూట్లు తొడుక్కోండి. నా కారులో వెళ్దాం.”

ఇంత శ్రమ పడుతోందంటే మన పక్షమే అనుకున్నాడు ఆర్విల్. ఇక నోటికి అడ్డు లేకపోయింది.

“ఎనిమిదేళ్లలో ఏం ఊడబొడిచిందో చెప్పండి.”

“మీరే చెప్పండి.”

“ప్రతి మీటింగులోనూ ఒకటే సొద. వాళ్లమ్మ ఫ్యాక్టరీలో చేపలు కోసి చదివించిందట. రాత్రి కాలేజీలో లా చదివిందట. పెద్ద కంపెనీ రమ్మంటే పోలేదట. విని విని నాకే చేపల కంపు కొడుతోంది.”

ఆవిడ కారు అద్దం కొంచెం దించింది.

“మీకేం చేసింది?”

“కోర్టుకీడ్చింది. పక్కింటివాడు ఆదివారం పొద్దున్నే ఆకులూదే మిషనుతో రొద మొదలెడితే, నీళ్లగొట్టంతో వాణ్నీ మిషన్నీ తడిపాను. అదీ నేరమేనట. కిందివాళ్లని పంపొచ్చుగా? తనే వచ్చి నా మీద కేసు చదివింది.”

“జైలా?”

“జైలైతే కాస్త గౌరవంగా ఉండేది. నెల్లాళ్లపాటు శనివారాలు నేనూ ఆ పక్కింటివాడూ కలిసి బీచిలో చెత్త ఏరాలట.”

“ఏరారా?”

“ఏరాం.”

“ఇప్పుడు?”

“ఇప్పుడూ వెళ్తూనే ఉన్నాం. వాడు కాఫీ తెస్తాడు. అది వేరే సంగతి.”

“వేరే సంగతే,” ఒప్పుకుంది ఆవిడ.

ఎన్నికల ఆఫీసు మూసేలోపే చేరారు. మెట్ల దగ్గర ఆవిడ అతని మోచెయ్యి పట్టుకుంది. ఆర్విల్ నాలుక కొరుక్కుంటూ వంకరటింకరగా సంతకం పెట్టాడు.

గుమస్తా ముద్ర వేసి, “ఇక మీ ఓటు లెక్కలోకొస్తుంది సార్,” అన్నాడు.

తిరుగుదారిలో ఆర్విల్ నిటారుగా కూర్చున్నాడు.

“మనవాళ్లు గెలిస్తే మీ చలవే.”

“అయ్యుండొచ్చు,” అంది ఆవిడ.

ఇంటి ముందు కారు ఆగింది. ఆర్విల్ సీటుబెల్టుతో కుస్తీ పడుతుండగా ఫోన్ మోగింది. ఆవిడ మీట నొక్కింది.

“ఎక్కడున్నావ్?” కారు స్పీకరులో ఆడగొంతు.

“ఒకాయన్ని ఇంటి దగ్గర దింపుతున్నా. సంతకం ఇచ్చి వచ్చాం.”

“మనకి వేసినాయనేనా?”

“కాదు.”

“పోన్లే. గడువులోపల అందింది కదా?”

“అందింది.”

“అది చాలు. నువ్వేమైనా తిన్నావా అమ్మా?” అని అడిగింది, కోర్టులో ఆర్విల్ నేరాన్ని అక్షరం పొల్లుపోకుండా చదివి వినిపించిన ఆ గొంతు.