ఎవరి చేత్తో వాళ్ళు

"సార్, అమ్మగారి రామకోటి పుస్తకం అయిపోయింది. కొత్తది తెప్పిస్తారా?"

కరీమున్నీసా అలా అడగ్గానే రామకోటేశ్వరరావు చదువుతున్న పేపరు పక్కన పెట్టాడు.

పుస్తకం అయిపోవడమేంటి? రాసే చెయ్యి పడిపోయి ఏడు నెలలైంది కదా!

ఆయన భార్య రామతులసికి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి, మాట రెండూ పోయాయి. అప్పటికే ఆమె తొంభై ఎనిమిది లక్షల సార్లు శ్రీరామ రాసింది. ఇంకో రెండు లక్షలు రాస్తే కోటి పూర్తయ్యేది, భద్రాచలం తీసుకెళ్ళి రాముడి పాదాల దగ్గర పెట్టేది. నోటిదాకా వచ్చిన ముద్ద జారిపోయింది పాపం.

పటమటలో వాళ్ళ అపార్టుమెంటు మొత్తానికి రామకోటేశ్వరరావు అంత మంచి మొగుడు లేడని పేరు.

అందులో అబద్ధమేమీ లేదు. జబ్బు చేసిన రోజు నుంచి భార్య చేత మంచినీళ్ళ గ్లాసు కూడా ఎత్తనివ్వలేదు. అన్నం తనే కలిపి, తనే ముద్దలు పెట్టేవాడు. ఫిజియోథెరపీ అతను రబ్బరు బంతి నొక్కమంటే ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అంతే, మర్నాటి నుంచి అతన్ని రావద్దన్నాడు.

పగటిపూట ఆమెని చూసుకోడానికి హోంకేర్ వాళ్ళు పంపిన మనిషి కరీమున్నీసా. యాభై దాటింది, మాట తక్కువ. గ్లాసు అమ్మగారి చేతికే ఇద్దామని ఒకటి రెండుసార్లు అంది.

నలభయ్యేళ్ళు నాకు వండి పెట్టిన మనిషికి, నేనుండగా ఆ ఖర్మేంటని ఆయన కొట్టిపారేశాడు.

రోజూ స్నానం కాగానే రామతులసి దేవుడి గది వైపు చూసేది. కరీమున్నీసా చక్రాల కుర్చీని అక్కడికి తోసుకెళ్ళి తలుపు దగ్గరగా వేసేది. గంటసేపు ఇద్దరూ లోపలే. రామకోటి దగ్గర ఎవరూ పలకరించకూడదని నియమం కాబట్టి ఆయన తొంగి చూసేవాడు కాదు. తను రాసిన పాత పుస్తకాలు చూసుకుని తృప్తిపడుతోందనుకున్నాడు, పిచ్చి మారాజు.

ఇప్పుడు ఆ పుస్తకం తెమ్మని, చివరి పేజీలు తిప్పాడు.

గడి గడికీ శ్రీరామ ఉంది.

కానీ రామతులసివి ముత్యాల్లాంటి అక్షరాలు. ఇది ఒకటో తరగతి రాత. 'శ్రీ' ఓ పక్కకి ఒరిగిపోయింది, 'రా' గడి దాటిపోయింది. తెలుగు కొత్తగా నేర్చుకునేవాళ్ళు కష్టపడి రాసినట్టుంది.

"ఎవరు రాశారిది?"

"అమ్మగారేనండి."

"మూడు పూటలా ముద్ద పెట్టేది నేను. ఆ చెయ్యి లేస్తుందో లేదో నాకు తెలీదా?"

"ఒక్కసారి పెన్ను ఇచ్చి చూడండి సార్."

ఆయనకి ఒళ్ళు మండింది. పడిపోయిన చేతికి పెన్నిచ్చి పరీక్ష పెట్టాలా? లేవకపోతే ఆ పిచ్చితల్లి ఎంత కుమిలిపోతుంది?

అయినా గొంతు పెంచలేదు. మతం గురించి కాదని చెప్పాడు. ఈ రెండు లక్షలూ తను రాసిపెట్టినా తప్పేనన్నాడు. రామకోటి ఎవరి చేత్తో వాళ్ళు రాసుకోవాలి, ఇంకొకరు రాస్తే లెక్కలోకి రాదు.

"మంచి మనసుతోనే చేసుంటావు. కానీ ఇన్నేళ్ళు నిష్ఠగా రాసుకున్న మనిషిని మోసం చేశావమ్మా. రేపట్నుంచి రావద్దు."

కరీమున్నీసా మంచం దగ్గరికి వెళ్ళి, రామతులసి నుదుటి మీద పడ్డ జుట్టు సర్దింది.

"మానొద్దమ్మా" అని ఒక్క మాట అని వెళ్ళిపోయింది.

రామతులసి ఏడ్చింది. గొంతులో మాట గింజుకుంది. దుప్పట్లోంచి చెయ్యి పైకి లేవబోయింది.

ఆయన గుండె తరుక్కుపోయింది. గబగబా ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, మెల్లగా మళ్ళీ దుప్పట్లో పెట్టేశాడు.

"శ్రమపడకు తులసీ. నేనున్నాను కదా."

మూడో రోజు వేరే మనిషిని మాట్లాడుకోడానికి హోంకేర్ ఆఫీసుకి వెళ్ళాడు. అక్కడ వ్యవహారాలు చూసే అమలమ్మ ఆయన్ని కూర్చోబెట్టింది. కరీమున్నీసా అసలు పనే మానేసిందట. ఆ పొద్దున్నే రైలెక్కి బళ్ళారిలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళిపోయిందట. ఇక ఇటు రాదట.

"మీ మీద ఒక్క మాట కూడా అనలేదండి" అంది అమలమ్మ. "అమ్మగారికి చెయ్యి వచ్చేసింది, ఇక నాతో పనేముంది అని సంతోషంగానే వెళ్ళింది."

ఆయనకి మళ్ళీ మండింది. వెళ్తూ వెళ్తూ ఇక్కడ కూడా అదే అబద్ధం చెప్పిందా?

"చెయ్యి రావడమేంటండీ? ఆ పుస్తకం నిండా తనే రాసి, మా ఆవిడ రాసిందని చెప్పింది. ఇంకో ఇంట్లో ఇలా జరక్కుండా మీరైనా చూసుకోండి."

"కరీమున్నీసా రాసిందా?"

"ఆవిడే. ఆ వంకర అక్షరాలు చూస్తే తెలీడం లేదూ?"

అమలమ్మ పనివాళ్ళంతా నెలకోసారి వచ్చి సంతకం పెట్టే పుస్తకం తీసి, ఆయన వైపు తిప్పి పెట్టింది.

అందరి పేర్లకీ ఎదురుగా సంతకాలున్నాయి. కరీమున్నీసా పేరుకి ఎదురుగా మాత్రం, మొదటి నెల నుంచి చివరి నెల దాకా, వేలిముద్రలే ఉన్నాయి.